వాషింగ్టన్ దారి పట్టిన పెట్టె

అమెరికా దేశీయ విమానాల్లో ప్రయాణికుడు తన వెంట లోపలికి తీసుకుపోదగిన పెట్టెకు అక్కడి పెద్ద విమాన సంస్థలు సాధారణంగా పెట్టిన హద్దు 22 అంగుళాల ఎత్తు, 14 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల మందం. ఈ ఆత్మకథ ఆ హద్దుకు లోబడి తయారైన ఒక నల్లని చక్రాల పెట్టెది. పండిత గ్రంథాల మర్యాదను అనుసరించి అది తన గురించి ఉత్తమ పురుషలో చెప్పుకోక, ఆద్యంతం ‘ఈ పెట్టె’ అనే వ్యవహరిస్తుంది. సాక్షి అయినవాడు తన గొప్పలు తగ్గించుకుని చూసినది చెప్పాలన్న నియమం లాయర్ల సామాను మోసిన ఏ వస్తువుకైనా తెలిసినదే. వంశచరిత్ర క్లుప్తం. సూట్‌కేసుకు చక్రాలు బిగించి పట్టీతో లాగే పద్ధతికి బెర్నార్డ్ శాడో 1972లో పేటెంటు పొందగా, పెట్టెను నిలువుగా నిలిపి, లోపలికి జారిపోయే పొడుగాటి పిడి అమర్చి, రెండు చక్రాల మీద ఈడ్చుకుపోయే రూపాన్ని 1987లో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్ రాబర్ట్ ప్లాత్ కల్పించాడు. ఈ పెట్టె ఆ రెండో శాఖకు చెందినది.

దీని యజమానురాలు ఓక్లహోమా రాష్ట్రం టల్సా నగరంలో సోషల్ సెక్యూరిటీ కేసులు చేపట్టే న్యాయవాది. జబ్బు వల్లనో గాయం వల్లనో ఏ పనీ చేయలేని స్థితికి వచ్చినవారికి ఫెడరల్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతిని డిజబిలిటీ అంటారు. దానికి పెట్టుకున్న దరఖాస్తు తొలి దశల్లో తిరస్కరణకు గురైతే, దరఖాస్తుదారు ఒక అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి ముందు విచారణ కోరవచ్చు. ఈ జడ్జి మామూలు కోర్టుల న్యాయమూర్తి కాడు. ప్రభుత్వ సంస్థలోనే ఉద్యోగిగా ఉంటూ, ఆ సంస్థకూ పౌరుడికీ మధ్య పుట్టిన తగాదాలో సాక్షుల చేత ప్రమాణం చేయించి, వైద్యుల నివేదికలు చదివి, కారణాలు చూపుతూ తీర్పు రాసే అధికారి. సోషల్ సెక్యూరిటీ విచారణలో ప్రభుత్వం తరఫున వాదించే వకీలు సాధారణంగా ఉండడు కనుక, అవతలి పక్షం అడగవలసిన ప్రశ్నలను కూడా జడ్జే అడగవలసి వస్తుంది. 2017 ప్రాంతంలో దేశం మొత్తం మీద ఇలాంటి జడ్జీలు 1,900 మందికి పైగా ఉండగా వారిలో 1,600 మందికి పైగా ఒక్క సోషల్ సెక్యూరిటీ సంస్థలోనే పనిచేసేవారు; మిగిలినవారు కార్మిక శాఖ, మెడికేర్ అప్పీళ్లు, ఇంధన నియంత్రణ, స్టాకు మార్కెట్ల పర్యవేక్షణ వంటి చోట్ల చెదురుమదురుగా ఉండేవారు. ఇమిగ్రేషన్ జడ్జీలు, మరికొన్ని సంస్థల్లో ‘అడ్మినిస్ట్రేటివ్ జడ్జి’ అని మాత్రమే పిలిపించుకునేవారు వేరే తెగ. యజమానురాలు కోరుకున్న అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి పదవికి పెట్టిన, ఇక్కడ వర్ణించే పరీక్ష వారికి ఉండేది కాదు.

ఆ పరీక్ష ఎందుకు పుట్టిందో తెలియకపోతే, టల్సాలో కేసులు వాదించే మనిషి టల్సాలోనే జడ్జి కావడానికి వాషింగ్టన్ దాకా ఎందుకు పోవలసి వచ్చేదన్న సందేహం తీరదు. 1930ల్లో ఫెడరల్ సంస్థలు పెరిగినకొద్దీ వాటి తరఫున విచారణలు జరిపే ఎగ్జామినర్లు కూడా పెరిగారు. వారిని నియమించేది, వారికి జీతం పెంచేది, వారిని పైకి తెచ్చేది ఆ సంస్థే కావడంతో, అభియోగం మోపిన చేతే తీర్పు రాస్తోందన్న ఫిర్యాదు బలపడింది. అటార్నీ జనరల్ నియమించిన కమిటీ 1941లో ఈ విషయమై సుదీర్ఘమైన నివేదిక ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946 జూన్‌లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్ చట్టమైంది. నియామకం చేసేది సంస్థే అయినా, ఎవరు అర్హులో తేల్చేది మాత్రం సివిల్ సర్వీస్ కమిషన్ అనే మరో సంస్థ అనీ, విచారించి తగిన కారణం చూపితే తప్ప ఎవరినీ తొలగించరాదనీ ఆ చట్టం కట్టడి చేసింది. సంస్థ వీరి పనికి మార్కులు వేయకూడదు, మెచ్చి బోనసూ ఇవ్వకూడదు. ఎగ్జామినర్లకు జడ్జి అన్న హోదా 1972లో దక్కింది. కమిషన్ పోయి దాని స్థానంలో ఆఫీస్ ఆఫ్ పర్సనల్ మేనేజ్‌మెంట్, అంటే ఓపీఎం, 1979లో వచ్చింది. అభ్యర్థి ముఖం ఎన్నడూ చూడని, రేపు అతని తీర్పుతో లాభనష్టాలేవీ లేని ఒక పరాయి కార్యాలయం వడపోయాలన్నదే దీనంతటి సారం. పరాయితనం కావాలనుకుంటే దూరం తప్పదు. ఆ దూరాన్ని ఎవరో ఒకరు మోయాలి, ఈ పెట్టె మోసింది దాన్నే.

ఉద్యోగం కోసం వాషింగ్టన్ పోవడం అమెరికాలో పాత అలవాటు. మారింది వెళ్లేవారి చేతిలోని కాగితమే. పందొమ్మిదో శతాబ్దంలో కొత్త అధ్యక్షుడు వచ్చినప్పుడల్లా పదవులు ఆశించేవారు సిఫారసు ఉత్తరాలతో రైలు దిగి వైట్‌హౌస్ వసారాల్లో పడిగాపులు పడేవారు. అలా పారిస్‌లో కాన్సల్ పదవి అడిగి భంగపడ్డ చార్లెస్ గిటో 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లోనే అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చాడు; ఆ దెబ్బకు సెప్టెంబరులో గార్ఫీల్డ్ మరణించగా, సిఫారసుకు బదులు పరీక్ష ఉండాలన్న పెండిల్టన్ చట్టం 1883లో వచ్చింది. ఆ చట్టం కింద 1889 నుంచి 1895 వరకు కమిషనర్‌గా పనిచేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ పేరే ఈ పెట్టె వెళ్లిన నాళ్లలో ఓపీఎం కొలువైన ‘E’ స్ట్రీట్ 1900వ నంబరు భవనానికి పెట్టారు. సిఫారసు ఉత్తరాలు మోసిన పాత సంచుల కంటే తన బరువు గౌరవప్రదమైనదని ఈ పెట్టె అభిప్రాయం; నడుము నొప్పి మాత్రం ఆ సంచులు మోసినవారికీ ఇంతే ఉండి ఉంటుంది.

ఆ బరువు ఏమిటో కాస్త దగ్గరగా చూడవలసి ఉంది. అడుగున, చక్రాల వైపు, మేజోళ్లు కుక్కిన మడమల జోళ్లు; నడవడానికి వేరే చదును జోళ్లు యజమానురాలి కాళ్లకే ఉంటాయి. వాటిపైన ముదురు నీలం సూటు, డ్రైక్లీనింగ్ దుకాణం తొడిగిన పల్చని ప్లాస్టిక్ కవరు తీయకుండానే మడతపెట్టి ఉంటుంది, ఎందుకంటే ప్లాస్టిక్ మీద గుడ్డ జారుతుంది, జారే గుడ్డ నలగదు. ముందు జేబులో విమానాశ్రయ తనిఖీ కోసం ఒక పారదర్శకమైన సంచి. 2006 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం అందులోని ఏ సీసా కూడా 100 మిల్లీలీటర్లకు మించరాదు. వెనుక జేబులో పరీక్షకు రమ్మన్న ఉత్తరం ప్రతి, నల్ల సిరా కలాలు, ఇంకా రబ్బరు బ్యాండు వేసిన చిన్న అట్టముక్కల కట్ట. ఈ చివరిది అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ఎక్కువగా చేతులు మారిన వస్తువు: ఒక్కో అట్ట మీద తన వృత్తిజీవితంలోని ఒక్కో ఘటనను, పరిస్థితి ఏమిటి, తాను ఏం చేసింది, ఫలితం ఏమైంది అన్న వరుసలో ఆమె రాసుకుంది. విమానం రెక్క కింద మేఘాలు పోతున్నంతసేపూ ఆ కట్ట పైకి తీయడం, పెదవులు కదపడం, మళ్లీ లోపల పెట్టడం జరుగుతూనే ఉండేది.

టల్సా నుంచి రాజధానికి సాగిన ప్రయాణం డాలస్‌లో విమానం మారడంతో రెండు ముక్కలయ్యేది. చౌక టికెట్టు కొన్నవారిని చివరి విడతలో ఎక్కిస్తారు కనుక, ఒకసారి తలపై అరలన్నీ నిండిపోయి, పెట్టెను కింద సామాను గదిలో వేయాలని ద్వారం దగ్గర సిబ్బంది పట్టుబట్టారు. యజమానురాలు విమానపు గొట్టపు దారిలోనే మోకాళ్ల మీద కూర్చుని, జిప్పు లాగి, సూటును కవరుతో సహా బయటికి తీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పరచుకుని లోపలికి పోయింది. పెట్టె ఒక్కటే చీకట్లో ప్రయాణించి, రీగన్ విమానాశ్రయంలో నిక్షేపంగా తేలింది. అక్కడి నుంచి మెట్రో బ్లూ లైన్ పొటోమాక్ నది అడుగున దాటి ఫరగట్ వెస్ట్ స్టేషన్‌కు చేరుస్తుంది. స్టేషన్ నుంచి ‘E’ స్ట్రీట్ దాకా నడక. ఇటుకలు పరిచిన కాలిబాట రమణీయమని పర్యాటకులు రాస్తారు గాని, రెండు ఇటుకల సందులో కుడి చక్రం ఇరుక్కున్న ప్రతిసారీ పిడి కీచుమంటుంది. పరీక్షకు పోయే మనిషికి ఆ చప్పుడు తన చుట్టూ ఉన్నవారందరికీ వినిపిస్తోందనిపించడం సహజం.

2013 మార్చిలో ఓపీఎం దరఖాస్తులు పిలిచిన నాటి పద్ధతి ఈ పెట్టెకు బాగా తెలిసినది. దరఖాస్తుకు ముందే న్యాయవాదిగా ఏడేళ్ల అనుభవం, అదీ వ్యాజ్యాల్లో గాని పరిపాలనా చట్టంలో గాని, చూపాలి. మొదటి వడపోత కంప్యూటర్ మీద ఇంటి నుంచే జరిగేది: ఇచ్చిన సందర్భంలో ఏం చేస్తావన్న ప్రశ్నలు, ఒక రచనా నమూనా, అనుభవాన్ని తూచే ప్రశ్నావళి. అది దాటినవారు రాజధానికి వచ్చి మూడు పరీక్షలు ఎదుర్కొనేవారు. రిటెన్ డెమాన్‌స్ట్రేషన్ అనేదానిలో ఇచ్చిన కేసు కాగితాలు చదివి, నిర్ణీత సమయంలో తీర్పు వంటి రాత రాయాలి. న్యాయవాదికి ఇది అలవాటైన పనిలాగే కనిపించినా, ఒక పక్షం వాదించే చేతికి రెండు పక్షాలూ తూచి రాయడం అంత సులువు కాదు. తర్కంపై ఆధారపడిన పరీక్షలో ఇచ్చిన వాక్యాల నుంచి ఏది తప్పనిసరిగా తేలుతుందో, ఏది తేలదో బహుళైచ్ఛిక ప్రశ్నల్లో గుర్తించాలి. చట్టం తెలియడం ఇక్కడ సాయపడదు, ఒక్కోసారి అడ్డం కూడా వస్తుంది. మూడోది స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ, అంటే వచ్చినవారందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడిగి, ముందే రాసిపెట్టుకున్న కొలబద్దతో మార్కులు వేసే మౌఖిక పరీక్ష. ఎదుట కూర్చున్న ప్యానెల్ తల ఊపదు, నవ్వదు, చెప్పినదాన్ని పొడిగించి అడగదు, రాసుకుంటూ పోతుంది. కోర్టులో జడ్జి కనుబొమ కదలికను బట్టి వాదన మలచుకోవడం అలవాటైన లాయర్లకు ఈ మౌనమే అన్నిటికంటే కఠినమైన ప్రశ్న అయ్యేది.

ఇంటర్వ్యూ రోజున హోటల్ గది ఖాళీచేసి నేరుగా వచ్చినవారు సామానుతో సహా భవనంలోకి రావలసి ఉండేది కనుక, ఈ పెట్టె ఎక్స్-రే యంత్రం గుండా జారి, నిరీక్షణ గదిలో గోడవారగా నిలబడింది. ఆ గోడవార చూడదగినది. వరుసగా నిలబడ్డ పెట్టెల పిడులకు విమానాశ్రయాల మూడక్షరాల చీటీలు వేలాడుతుండగా, ఒకటి పోర్ట్‌లాండ్ నుంచి, ఒకటి మయామీ నుంచి, ఒకటి చీటీయే లేక, బహుశా బాల్టిమోర్ నుంచి లోకల్ రైల్లో వచ్చి, మనుషుల కంటే ముందే తమ యజమానుల దూరాలను చెప్పేసేవి. మనుషులు మాత్రం వాతావరణం గురించి తప్ప మాట్లాడుకునేవారు కారు. పరీక్షలో అడిగినవి బయటపెట్టరాదన్న షరతు మీద వారంతా సంతకం చేశారు. ఈ పెట్టె సంతకం చేయలేదు, కానీ తలుపు అవతలికి దాన్ని పోనివ్వలేదు కనుక బయటపెట్టడానికీ దాని దగ్గర ఏమీ లేదు. అరగంట దాటాక తిరిగివచ్చిన యజమానురాలు పిడి అందుకున్న తీరు, అరచేతి తడి, ఇవి మాత్రం దాని సాక్ష్యంలోకి వస్తాయి.

ప్రయాణ ఖర్చు పూర్తిగా అభ్యర్థిదే. విమానం, హోటల్, మెట్రో కార్డు, ఆ రోజుల్లో ఆఫీసులో పోగొట్టుకున్న ఆదాయం, అన్నీ సొంత జేబులోవే. ఎంపిక కాకపోతే ఇక తిరిగొచ్చేదేమీ ఉండదు. ఇండియాలో సివిల్ సర్వీసుల మౌఖిక పరీక్షకు షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌కు పోయే తెలుగు అభ్యర్థికి రైలు చార్జీ మేరకైనా యూపీఎస్సీ తిరిగి ఇస్తుందని తెలిసినవారికి ఇది విడ్డూరంగా తోచవచ్చు. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుస, అదే కొలబద్ద అని అంత శ్రద్ధగా సమానత్వం పాటించిన పరీక్ష, ఆ గది దాకా చేరే దారిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. వర్జీనియాలో ప్రభుత్వోద్యోగం చేస్తున్న లాయరు అరపూట సెలవుతో రాసివచ్చే పరీక్షకు, సొంతంగా చిన్న ఆఫీసు నడుపుకునే పల్లెప్రాంతపు లాయరు వారం కేసులు వాయిదా వేయించుకోవలసి వచ్చేది. ఇది కావాలని చేసిన అన్యాయం కాకపోవచ్చు. కానీ కొలవని దూరం కూడా ఒక మార్కే, అది ఏ పట్టికలోనూ కనిపించదు.

పరీక్షలు గట్టెక్కినవారికి 100లో ఇన్ని అని ఒక అంకె వచ్చేది, పేరు రిజిస్టరు అనే నిరీక్షణ జాబితాలోకి ఎక్కేది. సైన్యంలో పనిచేసి వచ్చినవారికి ఆ అంకెకు 5 గాని 10 గాని పాయింట్లు కలిసేవి; మార్కులన్నీ దగ్గరదగ్గరగా ఉండే పరీక్షలో 10 పాయింట్లు ఎంత పెద్ద మెట్టో వేరే చెప్పనక్కర్లేదు. ఈ పాయింట్లు కలిపే సూత్రం మీదే ఓపీఎంపై నడిచిన ఒక పెద్ద వ్యాజ్యం వల్ల, 2003లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తీర్పు వచ్చేదాకా, కొన్నేళ్లపాటు పరీక్ష యంత్రాంగమే స్తంభించింది. ఒక నగరంలో ఖాళీ ఏర్పడితే, ఆ నగరానికి వస్తానని ముందే రాసిచ్చినవారిలో అత్యధిక మార్కులున్న ముగ్గురి పేర్ల నుంచి సంస్థ ఒకరిని ఎంచుకోవాలి. దీన్ని ‘ముగ్గురి నియమం’ అనేవారు. ఈ కారణంగా అభ్యర్థి తాను ఏయే ఊళ్లకు కదలగలనో రాసే కాగితం పరీక్షంత ముఖ్యమైనదయ్యేది. పిల్లల చదువు, వృద్ధులైన తల్లిదండ్రులు, భర్త ఉద్యోగం, అన్నీ ఆ కాగితం మీదికి వచ్చి కూర్చునేవి. ఈ పెట్టె యజమానురాలు మొదట టల్సా ఒక్కటే రాసి, తర్వాత ఫోర్ట్ స్మిత్ కలిపి, చివరికి వంటింటి బల్ల మీద దేశపటం పరచి దక్షిణాది ఊళ్లన్నీ రాసింది.

సంస్థ పెట్టే ఇంటర్వ్యూ మరో మజిలీ. సోషల్ సెక్యూరిటీ విచారణల విభాగం అప్పట్లో వర్జీనియాలోని ఫాల్స్ చర్చ్ దగ్గర లీస్‌బర్గ్ పైక్ అనే రద్దీ రహదారి మీద ఉండేది. మెట్రో దిగి నడిచిపోదామంటే కుదరని చోటు కనుక బస్సో టాక్సీయో తప్పదు. ఈ ఇంటర్వ్యూ సంగతి వేరు. ఓపీఎం ప్యానెల్ తెలుసుకోవాలనుకున్నది ఈమె జడ్జి కాగలదా అని. సంస్థ తెలుసుకోవాలనుకున్నది ఈమె తమ దగ్గర నిలబడి పని లాగగలదా అని. దానికి కారణం ఉంది: 2016 నాటికి ఆ సంస్థలో విచారణ కోసం ఎదురుచూస్తున్న దరఖాస్తులు 11 లక్షలు దాటాయి, 2017లో సగటు నిరీక్షణ 600 రోజుల దరిదాపుల్లో ఉండేది. ఆ నిరీక్షణలో కొందరు ఇళ్లు పోగొట్టుకునేవారు, కొందరు తీర్పు రాకముందే చనిపోయేవారు. లాయరుగా అలాంటి ఫైళ్లు మోసిన మనిషి అదే కుప్పను బల్లకు అవతలి వైపు నుంచి చూడబోతున్నదని ఈ పెట్టెకు ఫాల్స్ చర్చ్ నుంచి తిరుగు ప్రయాణంలో తెలిసింది; ఆసారి అట్టముక్కల కట్ట బయటికే రాలేదు.

నియామకం మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలోకు వచ్చింది. శిక్షణకు మళ్లీ ఫాల్స్ చర్చ్, అక్కడ కొన్ని వారాలు. ఈసారి ప్రయాణం ప్రభుత్వ ఖర్చు మీద కావడంతో పెట్టె విమానంలో తలపై అరలోనే, గౌరవంగా, పోయివచ్చింది. కుడి చక్రం మార్చారు, ఎడమది మార్చలేదు. అప్పటి నుంచి అది కాస్త ఒక పక్కకు లాగుతుంది.

ఆ తర్వాత జరిగినదానికి కారణం సోషల్ సెక్యూరిటీ కాదు, స్టాకు మార్కెట్ల పర్యవేక్షణ సంస్థ. రిటైర్మెంటు పొదుపుల మీద సదస్సులు నడిపిన రేమండ్ లూసియా అనే పెట్టుబడి సలహాదారు, తనను విచారించిన జడ్జిని ఆ సంస్థను నడిపే కమిషన్ స్వయంగా నియమించలేదనీ, సిబ్బంది నియమించారనీ, రాజ్యాంగం ప్రకారం అది చెల్లదనీ వాదించగా, 2018 జూన్ 21న సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించింది. అమెరికా రాజ్యాంగంలో ‘ఆఫీసర్’ అంటే చెప్పుకోదగిన అధికారం చలాయించే పదవిలో ఉన్నవాడు. అలాంటివారిని అధ్యక్షుడు గాని, న్యాయస్థానం గాని, శాఖాధిపతి గాని నియమించాలి తప్ప కింది ఉద్యోగులు నియమించకూడదు. మూడు వారాలు తిరగకుండానే, జూలై 10న, అధ్యక్షుడు ట్రంప్ 13843వ నంబరు ఉత్తర్వుతో ఈ జడ్జీల పదవులను పోటీ పరీక్ష పరిధి నుంచి బయటికి తీశారు. లైసెన్సు ఉన్న న్యాయవాది అయితే చాలు, మిగిలిన అర్హతలూ ఎంపిక పద్ధతీ సంస్థ ఇష్టం. ఓపీఎం పరీక్ష, రిజిస్టరు, ముగ్గురి నియమం ఒక్క కాగితంతో పోయాయి. అంతకుముందే నియమితులైనవారి పదవులు ప్రశ్నార్థకం కాకుండా జూలై 16న సోషల్ సెక్యూరిటీ తాత్కాలిక కమిషనర్ తమ జడ్జీలందరి నియామకాలనూ తన ఆమోదంతో ధ్రువీకరించారు. ఇటుకల బాటల మీద చక్రాలు అరగదీసుకుని సంపాదించిన పదవికి, ఈ పెట్టె కదలకుండానే, మరోసారి సంతకం పడింది.

దూరపు పరాయి కార్యాలయం వడపోయడం మంచిదా, తన జడ్జిని తానే చూసుకుని ఎంచుకోవడం మంచిదా అన్న చర్చ అక్కడి న్యాయవాదుల సంఘాల్లో ఇంకా నడుస్తోంది. 1946 నాటి భయం నిజమైనదేనని ఈ పెట్టె నమ్ముతుంది. ఖర్చు పెట్టలేక రాజధానికి రాని మంచి లాయర్లు ఉండేవారని కూడా నమ్ముతుంది, ఎందుకంటే నిరీక్షణ గది గోడవార నిలబడ్డ పెట్టెల్లో పాతవి, తాళ్లు కట్టినవి చాలా అరుదుగా కనిపించేవి. ఇప్పుడు టల్సాలో ఈమె పాత ఆఫీసును నడుపుతున్న యువ న్యాయవాది ఒకరు అదే పదవికి నేరుగా సంస్థకే దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూకు పోవడానికి పెట్టె ఎరువు అడిగితే, యజమానురాలు ఎడమ చక్రం సంగతి చెప్పి, నలగకుండా ఉండేందుకు సూటును ప్లాస్టిక్ కవరుతోనే మడతపెట్టమని చెప్పి ఇచ్చింది.